ఓర్పు ఔషధమగునా?

ఓర్పును కొనియాడని భాష లేదు. "ఓర్చినమ్మకు తేటనీరు" అని తెలుగువారి సామెత. "సబ్ర్ కా ఫల్ మీఠా" అని ఉర్దూ సామెత. మన కళాశాలలో ఒక తరగతి గదిలో మొదటిది, ప్రక్క గదిలో రెండవది వినిపించినా, రెండింటి సారము ఒక్కటే. కష్టకాలంలో మానవుణ్ణి నిలబెట్టే గుణాలలో ఓర్పు శ్రేష్ఠమైనదనుటలో సందేహం లేదు. అయితే ఏ సద్గుణమైనను తన తావు కాని చోట నిలిపినప్పుడు దోషముగా మారును. మందు ఉన్నచోట, మందుకు బదులుగా రోగి చేతిలో ఓర్పును పెట్టుట నీతిబోధ కాదు. అది బాధ్యతను తప్పించుకొనుట మాత్రమే.

ఈ మాటను ప్రత్యేకముగా ఛాతీ శస్త్రచికిత్స చేయించుకొన్న రోగులను దృష్టిలో ఉంచుకొని అంటున్నాను. నేను వైద్యుణ్ణి కాను. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. సూది ఎక్కడ గుచ్చవలెనో నిర్ణయించే అధికారం నాకు లేదు. కాని ఆ రోగి ఎవరి ఇంటివాడు? మన ఇంటివాడే. క్షయ వల్ల ఊపిరితిత్తి చుట్టూ చీముపొర గట్టిపడినవాడు, ఊపిరితిత్తిలో కేన్సర్ గడ్డ ఏర్పడినవాడు, చిన్ననాటి కీళ్ళజ్వరం వల్ల గుండె కవాటం చెడినామె - వీరంతా మన బంధువులు, మన ఇరుగుపొరుగువారు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన తరువాత, ఒకప్పుడు ధనవంతులకే సాధ్యమనుకొన్న పెద్ద శస్త్రచికిత్సలు బీద కుటుంబాలకు కూడా అందుబాటులోకి వచ్చినవి. ఇది హర్షించదగిన విషయం. అయితే శస్త్రచికిత్స జరిగిన నాటి రాత్రి ఆ రోగి ఎట్లా గడుపుతున్నాడు? ఈ ప్రశ్న అడుగుటకు వైద్య పట్టా అవసరం లేదు.

అన్ని శస్త్రచికిత్సలూ బాధాకరములే గదా, ఛాతీకి మాత్రమేమి ప్రత్యేకత అని ఎవరైనా అడుగవచ్చును. విరిగిన కాలికి కట్టు కట్టి కదలకుండ ఉంచవచ్చును. కోసిన చేతిని మెడకు వ్రేలాడదీసి విశ్రాంతి ఈయవచ్చును. ఛాతీకి విశ్రాంతి లేదు. మానవుడు దినమునకు 21,600 సార్లు శ్వాసిస్తాడని మన ప్రాచీన యోగగ్రంథాలు లెక్క కట్టినవి. అనగా నిమిషమునకు 15 సార్లు. నిమిషమునకు 12 నుండి 20 అని నేటి వైద్యులు చెప్పే లెక్క కూడా దీనికి దగ్గరే. అంటే ఛాతీని కోసి కుట్టిన మనిషికి గాయము దినమునకు ఇరవై వేల పైచిలుకు సార్లు కదులుతుందన్నమాట.

ఊపిరితిత్తిని చేరుటకు శస్త్రవైద్యుడు రెండు ప్రక్కటెముకల నడుమ కోసి, లోహపు పరికరంతో వాటిని ఎడము చేస్తాడు. ప్రతి ప్రక్కటెముక క్రింది అంచున ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో సిర, ధమని, నాడి ఒకదాని ప్రక్క ఒకటి సాగిపోతాయి. ఎముకలను ఎడము చేసినప్పుడు ఆ నాడి నలుగుతుంది, సాగుతుంది. పని ముగిసిన తరువాత లోపలి గాలి, రక్తము వెలుపలికి పోవుటకు ఒక గొట్టము అమరుస్తారు. అది శ్వాస శ్వాసకు లోపలి పొరను రాచుకొంటూ ఉంటుంది. అందుచేతనే థొరకాటమీ అనబడే ఈ శస్త్రచికిత్సను అత్యంత బాధాకరమైన వాటిలో ఒకటిగా వైద్యలోకం గణిస్తున్నది.

నొప్పి కేవలం నొప్పిగా ఉండి పోయినట్లయితే, ఓర్చుకొమ్మనేవారి మాటకు కొంత బలముండేది. కాని అది అక్కడ ఆగదు. నొప్పికి జంకి రోగి పైపైన ఊపిరి పీలుస్తాడు. దగ్గు వచ్చినా అణచుకొంటాడు. దగ్గనందున కఫము లోపలనే నిలుస్తుంది. గాలి చేరని ఊపిరితిత్తుల అడుగుభాగము ముడుచుకొని పోతుంది. అక్కడ సూక్ష్మక్రిములు చేరి న్యుమోనియాగా పరిణమించవచ్చును. కత్తి విజయవంతమైన చోట దగ్గు లేక ఓడిపోవుట ఎంతటి విపరీతము! కనుక ఛాతీ శస్త్రచికిత్స తరువాత నొప్పిని తగ్గించుట రోగికి చేసే ఉపచారము మాత్రమే కాదు, ఊపిరితిత్తులకు చేసే చికిత్స కూడా.

ఇక ఆ చికిత్స ఏమిటో చూతము. ప్రక్కటెముకల నాడులు వెన్నుపూసల నడుమ రంధ్రముల గుండా వెలువడి, జంటలు జంటలుగా ఛాతీని చుట్టివస్తాయి. గాయపు వార్తను మెదడుకు చేరవేసే తంతులు ఇవే. దారిలో ఎక్కడైనా ఈ తంతి చుట్టూ స్థానిక మత్తుమందును నింపినట్లయితే వార్త అక్కడే నిలిచిపోతుంది. రోగి మేలుకొనే ఉంటాడు, మాట్లాడుతాడు, దగ్గుతాడు. నొప్పి మాత్రం మెదడు వాకిలి తట్టదు. దీనినే వైద్యులు నెర్వ్ బ్లాక్ అంటారు. మనము నాడీ నిరోధము అనవచ్చును.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చి స్థానిక మత్తుకు దారి చూపినాడు. వెన్నుపూసల ప్రక్కన నాడి వెలువడే చోటనే మందు ఇచ్చే పారావర్టీబ్రల్ పద్ధతిని 1905లో జర్మనీలో హ్యూగో సెల్‌హైమ్ ప్రారంభించినాడు. కొంతకాలం మరుగునపడిన ఆ పద్ధతిని 1979లో ఇంగ్లండులో మరల వెలుగులోకి తెచ్చినారు. కొకైన్ వంటి ప్రమాదకర పదార్థముల స్థానంలో 1943లో లిడొకైన్, 1957లో బ్యుపివకైన్ తయారైనవి. అల్ట్రాసౌండ్ యంత్రము వచ్చిన తరువాత సూది మొన ఎక్కడ ఉన్నదో తెరపై చూస్తూ మందు ఇచ్చుట సాధ్యమైనది. ప్రక్కటెముకల మీది సెరాటస్ కండరము పొరలో మందు నింపే పద్ధతి 2013లో, వీపున వెన్నెముక ప్రక్కనుండే ఎరెక్టర్ స్పైనే కండరము క్రింద నింపే పద్ధతి 2016లో ప్రకటితమైనవి.

బాధ తెలియకుండ చేసే ఈ విద్యతో మన హైదరాబాదుకు గల అనుబంధము నేటి విద్యార్థులలో ఎందరికి తెలుసు? ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1888, 1889 సంవత్సరాలలో, క్లోరోఫారం భద్రతను పరీక్షించుటకు హైదరాబాదులో రెండు సంఘములు పనిచేసినవి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటికి సారథి. రెండవ సంఘమునకు నిజాము ధనసహాయముతో లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చినాడు. ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరుగన్న రూపాబాయి ఫర్దూన్జీ ఈ నగరపు వైద్య పాఠశాలలో చదివినవారే. మత్తు ఇచ్చేటప్పుడు నాడి కన్న ముందు శ్వాసను కనిపెట్టి ఉండవలెనని లారీ పట్టుబట్టినాడు. శ్వాస సరిగా ఉన్నంతవరకు గుండెకు భయము లేదన్నాడు. క్లోరోఫారం గుండెను నేరుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు నిరూపించి ఆ సిద్ధాంతమును త్రోసివేసినవి. ఇందులో మనకు రెండు పాఠములున్నవి. శ్వాసను మరువరాదనుట మొదటిది. ఎంతటివాని మాటనైనా పరీక్షకు నిలిపి చూడవలెననుట రెండవది.

ఆ రెండవ పాఠమును నాడీ నిరోధమునకు కూడా అన్వయించవలెను. ఛాతీ శస్త్రచికిత్సకు దశాబ్దాల పాటు ఉత్తమమని పేరు పొందినది ఎపిడ్యూరల్ పద్ధతి. వెన్నుపాము పొరల వెలుపల సన్నని గొట్టము ఉంచి మందు ఎక్కించుట. నొప్పిని బాగుగా అణచును. కాని రెండు ప్రక్కల నాడులనూ తాకుట వలన రక్తపోటు పడిపోవుట, మూత్రము బిగిసిపోవుట వంటి ఇబ్బందులు కలుగవచ్చును. పారావర్టీబ్రల్ పద్ధతి కోసిన ప్రక్కకే పరిమితము. ఈ రెండింటినీ పోల్చిన అధ్యయనములను క్రోడీకరించి 2016లో కోక్రేన్ సమీక్ష వెలువడినది. నొప్పి తగ్గించుటలో రెండూ ఇంచుమించు సమానమనీ, పారావర్టీబ్రల్‌లో చిన్న చిన్న ఉపద్రవములు తక్కువనీ తేలినది. 2019లో ఐరోపా నిపుణులు ఊపిరితిత్తుల శస్త్రచికిత్సకు ప్రకటించిన మార్గదర్శక సూత్రములు కూడా నొప్పి నివారణలో ఇటువంటి నిరోధములకు ముఖ్యస్థానం ఇచ్చినవి.

ఇది సర్వరోగ నివారిణి అని నేను చెప్పబోను. ఒక్కసారి ఇచ్చిన మందు కొన్ని గంటలే పనిచేస్తుంది. దినముల తరబడి కావలెనన్న సన్నని గొట్టము అమర్చవలెను. ఛాతీ కోసినా కొందరికి భుజము నొప్పి పుడుతుంది. ఆ వార్త మెడ నుండి దిగే ఫ్రెనిక్ నాడి గుండా పోవుట వలన ప్రక్కటెముకల నిరోధమునకు అది లొంగదు. కనుక పారాసెటమాల్ మొదలైన మందులు తోడు కావలసిందే. సూది దారి తప్పిన ఊపిరితిత్తి పొరకు చిల్లు పడవచ్చును. మోతాదు మించినా, మందు రక్తనాళములో పడినా మూర్ఛ రావచ్చును, గుండె లయ తప్పవచ్చును. అట్టి ఆపదకు విరుగుడుగా కొవ్వు ద్రావణము దగ్గర ఉంచుకొనవలెను. రక్తము పలుచన చేసే మందులు వాడే వారికి కొన్ని పద్ధతులు తగవు. కావున ఇది శిక్షణ పొందిన మత్తు వైద్యుని చేతిపని. అయితే ప్రమాదము ఉన్నదన్న కారణమున ఛాతీనే కోయుట మానలేదు గదా! తగిన జాగ్రత్తలతో చేయుచున్నాము. ఈ విషయమున కూడా న్యాయము అదే.

దీనికి ఎదురుగా వినిపించే వాదములు ముఖ్యముగా మూడు. నొప్పి ప్రకృతి చేసే హెచ్చరిక, దానిని అణచిన లోపలి ప్రమాదము తెలియదని మొదటి వాదము. జ్వరము, నాడి, గొట్టము నుండి వచ్చే రక్తము, ఎక్స్‌రే - ఇన్ని సాక్షులు ఉండగా రోగి మూలుగునే ఏకైక సాక్షిగా నిలుపుట న్యాయము కాదు. పైగా ఒకసారి హెచ్చరించిన తరువాత కూడా రేయింబవళ్ళు మ్రోగే గంటను హెచ్చరిక అనరు.

మత్తుకు రోగి అలవాటు పడునని రెండవ వాదము. మన భాషలో మత్తు అనే ఒక్క మాటే కల్లుకూ, నల్లమందుకూ, సూదికీ వాడుట వలన వచ్చిన చిక్కు ఇది. స్థానిక మత్తుమందు నాడిని తాత్కాలికముగా మొద్దుబార్చును. దానికి వ్యసనముతో సంబంధం లేదు. అంతేకాదు, అది మార్ఫిన్ అవసరమును తగ్గించును. ఆ మార్ఫిన్‌ను సైతం శత్రువుగా చూడరాదు. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టము దుర్వినియోగమును అరికట్టబోయి నిజమైన రోగులకు కూడా దానిని దుర్లభము చేసినది. 2014లో ఆ చట్టమును సవరించి వైద్యానికి దారి సుగమము చేయవలసి వచ్చినది. భయము శాసనమైనప్పుడు శిక్ష నిరపరాధికి పడుననుటకు ఇదొక నిదర్శనం.

ఖర్చు భరించలేమని మూడవ వాదము. బ్యుపివకైన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధముల పట్టికలో ఉన్న పాతమందు. అల్ట్రాసౌండ్ లేని చోట కూడా, ఛాతీ మూయుటకు ముందు శస్త్రవైద్యుడే కంటితో చూస్తూ ప్రక్కటెముకల నాడుల చుట్టూ మందు ఇయ్యవచ్చును. పారావర్టీబ్రల్ గొట్టమును కూడా ఆ సమయముననే అమర్చవచ్చును. దీనికి కొత్త యంత్రము అక్కరలేదు. కావలసినది నేర్పు, సమయము, అన్నిటికి మించి ఇది చేయవలసిన పనియే అన్న నిశ్చయము.

ఇంతవరకు చెప్పినది వైద్యుల నుండి విన్నది, వారి గ్రంథముల నుండి తెలుసుకొన్నది. ఇప్పుడు చెప్పబోయేది భాషోపాధ్యాయునిగా నేను గమనించినది. మా మామూకు కొన్నేళ్ళ క్రితం ఒక పెద్ద ఆసుపత్రిలో ఊపిరితిత్తి శస్త్రచికిత్స జరిగినది. రెండవ నాడు ఉదయం సిస్టరు వచ్చి, "నొప్పి పదిలో ఎంత పెద్దాయనా?" అని అడిగినది. జీవితమంతా లారీల క్రింద పడుకొని పనిచేసిన మనిషి. నొప్పికి మార్కులు వేయుట ఆయనకేమి తెలుసు? "ఠీక్ హై బేటీ" అన్నారు. ఆమె నాలుగని వ్రాసుకొని వెళ్ళినది. కదలక పడుకొన్నప్పటి మాట అది. దగ్గు వచ్చినప్పుడల్లా ఆయన దుప్పటి అంచు పంటితో బిగబట్టి ఆపుకొన్నారు. మధ్యాహ్నం వచ్చిన చిన్న డాక్టరుకు ఈ సంగతి చెప్పితే, "ఆపరేషనంటే మాటలా? కొంచెం ఓర్చుకోవాలి" అన్నాడు. నాలుగవ నాటికి జ్వరము, ఎక్స్‌రేలో మచ్చ. ఇంటికి రావలసిన మనిషి మరి పది దినాలు అక్కడే ఉండిపోయినారు. నాడీ నిరోధమనే మాట ఆ పదునాలుగు దినాలలో ఎవరి నోటా రాలేదు. ఆయనకు అది తగునో తగదో ఆలోచించినట్లు కూడా లేదు. మూడు నెలల తరువాత సైతం కుర్తా తగిలితే కుట్టు వెంట "మిర్చీ లగే సరీకా" ఉన్నదని ఆయన అనేవారు.

ఆ చివరి మాటను గమనించండి. అది ఫిర్యాదు కాదు, రోగ లక్షణము. తెగిన గాయము మానేటప్పటి నొప్పి వేరు, నలిగిన నాడి పలికే నొప్పి వేరు. మంట, చురుకు, తిమ్మిరి, సూదులతో పొడిచినట్లుండుట, గుడ్డ తగిలినా ఓర్వలేకుండుట - ఇవి నాడి దెబ్బతిన్న గుర్తులు. వీటికి వేరు మందులు కావలెను. కోత వెంట రెండు నెలలు దాటి నిలిచే నొప్పిని వైద్యులు ప్రత్యేక వ్యాధిగానే పరిగణిస్తారు. మొదటి దినములలో ఎక్కువ నొప్పి అనుభవించినవారికే ఇది ఎక్కువగా మిగులుతున్నదని 1996లో జోయెల్ కట్జ్, ఆయన సహచరులు ప్రకటించినారు. థొరకాటమీ సమయమున ఇట్టి నిరోధములు ఇచ్చిన వారిలో దీర్ఘకాలపు నొప్పి తగ్గవచ్చునని 2018లో మరొక కోక్రేన్ సమీక్ష పేర్కొన్నది. ఆ సాక్ష్యము మధ్యస్థమైనదే, సంపూర్ణమైనది కాదు. అయినను ఓర్పునకు అనుకూలముగా అంతటి సాక్ష్యము కూడా లేదు!

తెలుగులో నొప్పికి ఎన్ని మాటలు! పోటు, సలుపు, తీపు, మంట, గుంజుట, కుట్టుట, జివ్వుమనుట. ఉర్దూలో దర్ద్, టీస్, జలన్, చుభన్. అవసరము కొలది పుట్టిన మాటలివి. ఏ రెండూ ఒకటి కావు. ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథము 'అల్ ఖానూన్'లో నొప్పులను 15 రకాలుగా విభజించినాడు. ఇంతటి సంపద కలిగిన రోగిని ఒక అంకె మాత్రమే చెప్పుమనుట, కావ్యము చదివినవానిని పుటల సంఖ్య అడిగినట్లున్నది. అంకె వద్దని నా అభిప్రాయము కాదు. అంకెతో పాటు మరి రెండు ప్రశ్నలు అడుగవలెను. "గట్టిగా దగ్గగలవా? రాత్రి నిద్రపట్టినదా?" కదలని మనిషిని అడిగి నొప్పి లేదని వ్రాసుకొనుట, ఎండిన ఏటిలో నిలబడి వరద లేదనుట వంటిది. 1846లో స్థాపించిన హైదరాబాదు వైద్య పాఠశాలలో తొలినాళ్ళ బోధన ఉర్దూలోనే సాగినది. వైద్యుడు రోగి భాషలో వ్యాధిని గురించి ఆలోచించుట మన నేలకు కొత్త కాదు. ముఖ్యముగా మన స్త్రీలు, అందులోను పెద్దవయసు వారు, పరాయి మగవాని ముందు రొమ్ము నొప్పి అనే మాట ఉచ్చరించుటకే సంకోచిస్తారు. వారి మౌనము నొప్పి లేదనుటకు గుర్తు కాదు.

2010లో మాంట్రియల్‌లో సమావేశమైన నొప్పి నిపుణులు, నొప్పికి చికిత్స పొందుట మానవుని మౌలిక హక్కు అని ప్రకటించినారు. హక్కు ఉన్నదని తెలియని వానికి అది ఉన్నా లేనట్లే. ఆసుపత్రులు ప్రతి ఛాతీ శస్త్రచికిత్సకు ముందు నొప్పి నివారణ ఎట్లు చేయబోవుచున్నారో రోగికి అతని భాషలో చెప్పి, కాగితము మీద వ్రాయవలెను. నిరోధము తగనిచో ఎందుకు తగదో కూడా వ్రాయవలెను. ఇక రోగి వెంట వెళ్ళేది ఎవరు? ఇంటిలో చదువుకొన్న పిల్లలు; అనగా ఈ సంచిక చేతిలో ఉన్న మీరే. శస్త్రచికిత్స ముందు రోజున మత్తు వైద్యుని వినయముగా మూడు ప్రశ్నలు అడగండి. నొప్పికి ఏమి చేయబోతున్నారు? నాడీ నిరోధము ఈ రోగికి తగునా? దాని ప్రభావము తీరిన తరువాత ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటలో మంచి వైద్యునికి చిన్నతనమేమీ లేదు. మన జాతీయ సేవా పథకం విద్యార్థులు తెలుగు, ఉర్దూ భాషలలో నొప్పి మాటల పట్టిక ఒకటి చిన్న అట్టముక్క మీద అచ్చువేయించి ఊరి ఆసుపత్రికి ఇచ్చినట్లయితే, ఒక వర్ధంతి సభ కన్న, ఒక ఊరేగింపు కన్న ఎక్కువ సేవ అగును.

మరణమును ఓర్చుకొందుము, ఎందుకన దానికి మందు లేదు. వియోగమును ఓర్చుకొందుము, ఎందుకన అది మన చేతిలో లేదు. తప్పించగలిగిన బాధను ఓర్చుకొమ్మనుటకు మాత్రం ఎవరికీ అధికారం లేదు. ఓర్పు మనిషికి భూషణము కావచ్చును. ఔషధము మాత్రం కానేరదు.